మేడ్చల్‌లో ఒక మెదొక్ సీసా

సికిందరాబాదు నుంచి మేడ్చల్ వెళ్ళే రహదారిలో కొంపల్లి దాటిన తరువాత ఇరువైపులా తరచుగా కనిపించే మాటల్లో ఒకటి "వైన్స్". ఆ పలక తగిలించిన దుకాణంలోకి వెళ్ళి వైను అడిగి చూడండి. దుకాణంవాడు మిమ్మల్ని ఎగాదిగా చూసి, మూల అరలో దుమ్ముపట్టి ఉన్న ఒకటో రెండో సీసాలు చూపిస్తాడు. మిగిలినదంతా విస్కీ, బ్రాందీ, బీరు. వస్తువు దాదాపు లేకుండానే పేరు ఇంతగా వాడుకలోకి వచ్చిన మాట తెలుగులో మరొకటి ఉన్నదా అని నాకు సందేహం. మనకు వైన్సు తెలుసు, వైను తెలియదు. ఇందులో గర్వపడవలసిందీ సిగ్గుపడవలసిందీ ఏమీ లేదు కాని, ఆలోచించవలసింది మాత్రం కొంత ఉన్నది. దానికి కారణమైన ఒక సాయంకాలం గురించి ముందు చెబుతాను.

మేడ్చల్‌కూ శామీర్‌పేటకూ నడుమ, అవుటర్ రింగురోడ్డుకు కూతవేటు దూరంలో నా మిత్రుడొకడు ఇల్లు కట్టుకున్నాడు. ఆ స్థలం ఒకప్పుడు వాళ్ళ కుటుంబానిదే, ఏడెకరాల ద్రాక్షతోట. తోట పోయి ప్లాట్లయినప్పుడు తమకోసం ఒక మూల ఉంచుకున్నారు. ప్రహరీకి ఆనుకొని ఇప్పటికీ పందిరి మోసిన రాతికడీలు నాలుగైదు మిగిలి ఉన్నాయి. మాఘమాసంలో ఒక ఆదివారం నాడు, ఫ్రాన్సులో ఉద్యోగం చేసి తిరిగివచ్చిన అతని తమ్ముడు వెంట తెచ్చుకున్న సీసా ఒకటి తెరుస్తామని పిలిచారు. అది బోర్డో నగరానికి ఉత్తరాన ఉన్న మెదొక్ ప్రాంతంలో సాంతెస్తెఫ్ అనే ఊళ్ళో పండిన ఎర్ర ద్రాక్షాసవం. సంవత్సరం 1996. మహారాజులు తాగే సీసా కాదు. ఆ ప్రాంతపు సుప్రసిద్ధమైన 1855 నాటి జాబితాలో దాని పేరు లేదు. తన ఊళ్ళో తనకు మర్యాద ఉన్న ఒక మధ్యతరగతి సీసా అనుకోండి.

1996 అని చదవగానే నాకు తట్టినది వేరే సంగతి. 1995 జనవరి నుంచి 1997 దాకా మన రాష్ట్రంలో సంపూర్ణ మద్యనిషేధం అమలులో ఉండేది. సాంతెస్తెఫ్‌లో ఆ ద్రాక్ష కోస్తున్న శరత్కాలంలో, ఇక్కడ ఆ సీసాను అమ్మడమే నేరం. అప్పటికి మేము కూర్చున్న ఈ చోట పందిరి ఉన్నది, పందిరినిండా గుత్తులున్నాయి. ఆ సీసా ఆ ఏటిని దాచుకుని ఇక్కడికి వచ్చింది. ఈ నేల మాత్రం తన 1996ను దాచుకోలేకపోయింది.

సీసాను రెండురోజుల ముందునుంచే నిలబెట్టి ఉంచారు. పాత ఎర్ర ఆసవంలో అడుగున మడ్డి చేరుతుంది. అది కదిలితే పానీయం కలకబారి చేదెక్కుతుంది. బిరడా సగానికి విరిగి, ముక్కలు ముక్కలుగా వచ్చింది. సెల్‌ఫోను దీపాన్ని సీసా మెడకింద పట్టుకుని, మడ్డి మెడదాకా వచ్చేవరకూ మెల్లగా గాజుకూజాలోకి వంచాడు తమ్ముడు. వెనకటికి ఈ పని కొవ్వొత్తి వెలుగులో చేసేవారట. ఫోనుతో చేస్తే అపచారమేమీ కాదు.

ముదిరిన ఆసవమంటే ఏమిటో ఇక్కడ నాలుగు మాటలు చెప్పాలి. లేత ఎర్ర ఆసవంలో ద్రాక్షతొక్క నుంచీ గింజల నుంచీ వచ్చే వగరు ఉంటుంది. ఓక్ చెక్క పీపాలో ఉంచితే ఆ చెక్క వగరు కూడా కొంత చేరుతుంది. మెదొక్‌లో ముఖ్యంగా పండించే కాబర్నే సొవిన్యోఁ చిన్న కాయ, మందపు తొక్క; కాబట్టి వగరు మెండు. కొత్తగా సీసాకెత్తినప్పుడు తాగితే పచ్చి వక్క కొరికినట్టు నాలుక బిగుసుకుపోతుంది. కాలం గడిచేకొద్దీ ఆ వగరు పదార్థాలు ఒకదానితో ఒకటీ, రంగు పదార్థాలతోనూ పెనవేసుకుంటాయి. కొంత భాగం బరువెక్కి మడ్డిగా అడుగుకు దిగుతుంది. నేరేడుపండు రంగు క్రమంగా ఇటుక రంగుకు తిరుగుతుంది. పండు వాసన తగ్గి, పొగాకు, తోలు, దేవదారు చెక్క, పుట్టగొడుగు, తడిసిన ఆకుల కుప్ప వంటి వాసనలు పైకి వస్తాయి. అన్ని ఆసవాలకూ ఈ యోగం పట్టదు. లోకంలో తయారయ్యేవాటిలో అత్యధికభాగం ఏడాదిలోనో రెండేళ్ళలోనో తాగివేయవలసినవే. దాచదగినవి చాలా కొద్ది. దాచినవాటిలో నిలిచేవి ఇంకా కొద్ది.

ఇదంతా మనకు తెలియని విద్య అనుకోవడం పొరపాటని నా అభిప్రాయం. వగరును ఆరు రుచులలో ఒకటిగా లెక్కించి, ఉగాదినాడు మామిడిపిందెలో దాన్ని వెతుక్కుని తినే జాతి మనది. కరక్కాయ వగరు వేరు, నేరేడు వగరు వేరు, పచ్చి అరటికాయ వగరు వేరు అని చిన్నపిల్లలకు కూడా తెలుసు. పాత బియ్యం, పాత బెల్లం, పాత చింతపండు, పాత ఊరగాయ అన్నప్పుడు 'పాత' అన్న మాటకు మనం ఇచ్చే గౌరవం చూడండి. కాలం పదార్థాన్ని చెడగొట్టనూగలదు, పండించనూగలదు. ఏది ఎక్కడ జరిగిందో నాలుకతో తేల్చుకోవాలి. ముదిరిన ఆసవాన్ని తూచడమంటే ఇంతకుమించి మరేమీ కాదు.

పైగా కవిత్వాన్ని తూచడానికే ద్రాక్షను తూనికరాయిగా వాడిన సంప్రదాయం మనది. ద్రాక్షాపాకమంటే నోట వేసుకోగానే రసం అందేది. కదళీపాకమంటే తొక్క ఒలిచే శ్రమ అడిగేది. నారికేళపాకమంటే పీచు వలిచి, చిప్ప పగలగొట్టితే గాని నీరు ఇవ్వనిది. భారవి కావ్యాన్ని కొబ్బరికాయతో పోల్చిన వ్యాఖ్యాత మల్లినాథసూరి స్వగ్రామం మెదక్ దగ్గరి కొల్చారమని చెబుతారు. మేడ్చల్ మీదుగా ఉత్తరానికి పోతే ఆ దేశమే వస్తుంది. మెదక్ మాట మెదొక్‌కు ఇంత చక్కగా అతుకుతుందని నేను అనుకోలేదు. ఎందుకంటే మెదొక్ ఆసవపు విచిత్రం సరిగ్గా ఇదే: లేతవయసులో అది నారికేళపాకం. పాతికేళ్ళు గడిచేసరికి ద్రాక్షాపాకం. చిప్పను పగలగొట్టే పని మనకు బదులు కాలం చేసిపెడుతుంది. పద్యానికి ఈ అదృష్టం లేదు. వెయ్యేళ్ళు గడిచినా నన్నెచోడుడు సులభుడు కాడు.

ఇక ఆ సీసాకు నేనిచ్చే తీర్పు. రంగు అంచున ఇటుక, నడుమ ఇంకా ఎరుపు. వాసనలో ముందు మూసిన గది తలుపు తెరిచినట్టు ఒక ముక్క. పది నిమిషాల్లో అది తొలగి పొగాకు కట్ట, ఆ తరువాత ఎండు ఖర్జూరం. వగరు దాదాపు కరిగిపోయి నాలుకమీద సన్నని పట్టుబట్టలా ఆనింది. పులుపు మాత్రం నిటారుగా నిలబడి ఉన్నది. ముసలివయసులో ఆసవాన్ని నిలబెట్టే వెన్నెముక అదే. మింగిన తరువాత రుచి ఎంతసేపు నిలిచిందని లెక్కపెట్టుకున్నాను. ఫ్రెంచివాళ్ళు దీనిని 'కోదలీ' అనే కొలతతో కొలుస్తారు, ఒక సెకనుకు ఒక కోదలీ. నా లెక్క పన్నెండు దాటలేదు. పండు గుణం సన్నగిల్లింది. గంట గడిచేసరికి గ్లాసులో మిగిలినది డస్సిపోయి, పుల్లని కషాయంలా తయారైంది. అంటే ఐదారేళ్ళ కిందట తెరిచి ఉండవలసిన సీసా. మంచిదే, మహత్తరం కాదు. వృద్ధాప్యం మర్యాదగా వచ్చిందనవచ్చు గాని, ఉచ్చదశను మేము చూడలేకపోయాము.

ఈ తీర్పును నాకంటే బాగా, నాకంటే తక్కువ మాటల్లో చెప్పినవారు ఆ ఇంట్లోనే ఉన్నారు. మిత్రుని తల్లిగారు మద్యం ముట్టరు. కొడుకులు చేస్తున్న తతంగమంతా కుర్చీలో కూర్చుని చూస్తున్నారు. "వాసన చూస్తారా పెద్దమ్మా?" అని గ్లాసు అందించాను. ఆమె ముక్కు దగ్గర పెట్టుకుని కొంచెంసేపు ఊరుకున్నారు. "గిది పాత చింతపండు వాసన బిడ్డా. రెండేండ్ల కిందటి కుండల అడుగున ఉంటది సూడు, గట్లనే. ఇగ ఎక్కువ దినాలు ఆగదిది" అన్నారు. తరువాత ఒక ప్రశ్న అడిగారు: "ఏ ఊరి ద్రాక్ష?"

ఆ ప్రశ్న నన్ను చాలారోజులు వదలలేదు. దాని దగ్గరికి మళ్ళీ వస్తాను. అంతకుముందు, ఈ రుచిచూసే విద్యమీద సాధారణంగా వచ్చే ఒక ఆక్షేపణకు సమాధానం చెప్పాలి.

ఇదంతా బూటకమనేవారున్నారు. వారి చేతిలో బలమైన ఆధారాలే ఉన్నాయి. 1976 మే నెలలో పారిస్‌లో స్టీవెన్ స్పర్యర్ అనే ఆంగ్ల వ్యాపారి పేర్లు దాచిపెట్టి ఫ్రెంచి నిపుణులచేత రుచి చూపించాడు. వాళ్ళు తమ మూతోఁ రోట్‌షీల్డ్ 1970ని, ఓబ్రియోఁ 1970ని వెనక్కి నెట్టి, స్టాగ్స్ లీప్ అనే కాలిఫోర్నియా సీసాకు మొదటి స్థానం ఇచ్చారు. మావి దాచితే గాని పండవు, తొందరపడ్డారు అని ఫ్రెంచివారు అన్నారు. 2006లో అవే ఎర్ర ఆసవాలను ముప్పై ఏళ్ళ ముదుసళ్ళుగా మళ్ళీ రుచి చూశారు. ఈసారీ మొదటి స్థానం కాలిఫోర్నియాదే, రిడ్జ్ మాంటెబెల్లో 1971. ఇక 2001లో ప్రచురితమైన బోర్డో విశ్వవిద్యాలయ ప్రయోగం ఉన్నది. తెల్ల ఆసవంలో వాసనలేని ఎర్రరంగు కలిపి ఇస్తే, ఆసవశాస్త్రం చదువుకునే 54 మంది విద్యార్థులు దాన్ని ఎర్ర ఆసవానికి వాడే మాటలతోనే వర్ణించారు. రూడీ కుర్నియావాన్ అనేవాడు కాలిఫోర్నియాలో ఇంట్లోనే మామూలు సరుకు కలిపి, పాత బుర్గుండీ, బోర్డో సీసాలుగా కోటీశ్వరులకు అమ్మి, 2013లో దోషిగా తేలి, 2014లో పదేళ్ళ శిక్షపడేవరకూ ఎందరో నిపుణులు వాటిని మెచ్చుకుంటూనే ఉన్నారు.

ఇవన్నీ నిజాలే. కాని ఇవి రుచి అబద్ధమని చెప్పడం లేదు. కన్ను నాలుకను మోసగిస్తుందనీ, ధర కన్నును మోసగిస్తుందనీ చెబుతున్నాయి. రాగం తెలియనివాడు విద్వాంసుని పేరు చూసి తల ఊపితే సంగీతం బూటకమైపోతుందా? 1976లో పేరు దాచినప్పుడు నాలుక తన పని తాను చేసింది. బిరుదున్నవాటిని పక్కకు నెట్టి తనకు నచ్చినదాన్ని పైకెత్తింది. నాకు ఆ కథ నిపుణుల పరాభవంగా కాక, నాలుక నిజాయితీకి సాక్ష్యంగా కనిపిస్తుంది. పెద్దమ్మగారికి సీసామీది చీటీ చదవరాదు, ధర తెలియదు. ఆమె చింతపండు అన్నది. నేను ఆలోచించి ఆలోచించి చెప్పిన ఖర్జూరం కంటే అది ఖచ్చితమైన మాట.

నాకు విసుగు పుట్టించేది మరొకటి. ఇప్పుడు మన నగరంలో కూడా కొద్దిమంది వైను రుచి చూసే సభలు జరుపుకుంటున్నారు. అక్కడ వినిపించే వర్ణనల్లో మనం ఎన్నడూ తినని పండ్లన్నీ ఉంటాయి. బ్లాక్‌కరెంట్ ఎలా ఉంటుందో ఎరగనివాడు బ్లాక్‌కరెంట్ వాసన వస్తున్నదంటాడు. అది నాలుక చెప్పిన మాట కాదు, పుస్తకం చెప్పిన మాట. నేరేడు అనండి, ఈతపండు అనండి, అటకమీది పొగాకు అనండి. తొలకరికి తడిసిన చల్కనేల అనండి. ఎరిగిన వస్తువుతో పోల్చినప్పుడే ఉపమకు విలువ. ఇది అలంకారశాస్త్రంలో మొదటి పాఠం.

శామీర్‌పేట చెరువు దాటి లోపలి ఊళ్ళవైపు వెళితే ఇలాంటి మాటల సంపద ఇంకా కొంత మిగిలి ఉన్నది, కల్లు దగ్గర. ఈతకల్లు వేరు, తాటికల్లు వేరు. తాటిలో పోతుతాటిది వేరు, పండుతాటిది వేరు. పొద్దటి కల్లు తియ్యన, మాపటిది పులుపు. పది చెట్లది కలపకుండా ఒక్క చెట్టునుంచి దించిన కల్లు కావాలని గౌడుకు ముందే చెప్పిపెట్టే పెద్దమనుషులు నేటికీ ఉన్నారు. ఫలానా చెరువుకట్ట మీది మూడో చెట్టు అని గుర్తుపెట్టుకుని అడుగుతారు. బుర్గుండీలో ఒక గట్టుకు ఈవలిది వేరు, ఆవలిది వేరు అని ఫ్రెంచివారు వాదించుకోవడానికీ దీనికీ స్వభావంలో భేదం లేదు. భేదమంతా కాలంలో ఉన్నది. కల్లు పూటకు ముదురుతుంది, ఆసవం పుష్కరాలకు ముదురుతుంది. పూట బతుకు గలదానికి పుస్తకాలు రాయలేదు, జాబితాలు కట్టలేదు. ఆ తరువాత నిద్రమందులు కలిపిన మందుకల్లు వచ్చి, ఎరిగి తాగే నాలుకను మత్తు వెతికే నాలుకగా మార్చింది. వైన్సు పలకల కథా ఇదే. రుచి అడిగేవాడు లేనిచోట మత్తు ఒక్కటే సరుకవుతుంది.

ఇక పెద్దమ్మగారి ప్రశ్నకు వస్తాను. ఏ ఊరి ద్రాక్ష?

కౌటిల్యుని అర్థశాస్త్రంలో సురాధ్యక్షుని ప్రకరణం ఉన్నది. ధాన్యంతో, బెల్లంతో చేసే మద్యాలకు అక్కడ పాళ్ళూ కొలతలూ చెప్పాడు. ద్రాక్షరసంతో అయ్యే మధువు దగ్గరికి వచ్చేసరికి మాత్రం పాళ్ళు చెప్పలేదు. అది పుట్టిన దేశమే దానికి వివరణ అన్నట్టుగా చెప్పి, కాపిశాయనం, హారహూరకం అని రెండు పేర్లతో ముగించాడు. రెండూ దేశాల పేర్లమీద వచ్చినవే. ద్రాక్ష మద్యాన్ని నేల పేరుతో తప్ప గుర్తించలేమన్న తెలివి మన గ్రంథాల్లో అంత పాతది.

ఫ్రెంచివారు ఈ తెలివిని చట్టంగా మార్చుకున్నారు. 1855లో పారిస్ ప్రదర్శనకోసం బోర్డో దళారులు అప్పటి ధరలను బట్టి ఎర్ర ఆసవాలకు ఐదు తరగతుల జాబితా కట్టారు. ఓబ్రియోఁ ఒక్కటి తప్ప అందులోనివన్నీ మెదొక్‌వే. 1973లో మూతోఁ రోట్‌షీల్డ్ రెండవ తరగతినుంచి మొదటి తరగతికి ఎక్కడం తప్ప ఆ జాబితాలో చెప్పుకోదగ్గ మార్పు లేదు. 1935లో ఊరి పేరు వాడుకోవడానికి నియమాలు విధిస్తూ చట్టం తెచ్చారు. సాంతెస్తెఫ్ అని రాయాలంటే ఆ ఊరి పొలంలోనే, ఆ రకాలే, ఆ దిగుబడికి లోబడే పండించాలి. అలాగని ఆ నేల స్వర్గంనుంచి ఊడిపడలేదు. పదిహేడవ శతాబ్దిలో డచ్చివారు కాలువలు తవ్వి నీరు మళ్ళించేవరకూ మెదొక్‌లో చాలాభాగం చిత్తడినేల. పంతొమ్మిదవ శతాబ్దిలో ఫిలాక్సెరా అనే పురుగు వేళ్ళు తిని తోటలకు తోటలను చంపేసింది. అమెరికా జాతి వేరుమొక్కలమీద తమ కొమ్మలు అంటుగట్టి మళ్ళీ మొదలుపెట్టారు. పేరు ఉన్నది గనుక మళ్ళీ నాటారని నేననుకుంటాను. పేరు లేని పొలంలో పురుగుపడితే పొలం అమ్ముకుంటారు.

మనవైపు కథ చూడండి. పంతొమ్మిదవ శతాబ్ది చివర అబ్దుల్ బాకర్ ఖాన్ హైదరాబాదులో ప్రవేశపెట్టిన తీగ అనాబ్-ఎ-షాహీ. రాజద్రాక్ష అని అర్థం. పొడుగాటి తేనెరంగు కాయ, పలుచని తొక్క, లోపల గింజలు. ఒకానొక కాలంలో హైదరాబాదు చుట్టూ, మేడ్చల్, శామీర్‌పేట, కీసర ప్రాంతాల్లో రాతికడీల పందిళ్ళమీద ఈ తీగే. చల్కనేల నీరు పట్టి ఉంచదు. ద్రాక్షకు కావలసిందీ అదే. మెదొక్‌లో గులకరాళ్ళ నేల చేసే పనిని ఇక్కడ ఎర్రచల్క చేసింది. అక్కడ చలికాలంలో తీగ నిద్రపోతుంది. ఇక్కడ నిద్ర లేదు కాబట్టి రైతే కత్తెరతో నిద్రపుచ్చి లేపాలి: వేసవిలో ఒక కత్తిరింపు కొమ్మకోసం, అక్టోబరులో మరొకటి కాయకోసం. అక్టోబరు వాన అదను తప్పి కురిస్తే బూజుతెగులు. పెద్దమ్మగారు గుత్తిలో కిక్కిరిసిన కాయలను కత్తెరతో పలచబరిచే పని చేసినవారు. ఏ గుత్తిలో ఎన్ని కాయలు ఉంచాలో వేళ్ళకు తెలిసేదంటారు. పండిన గుత్తులు బుట్టల్లో మొజంజాహీ మార్కెట్టుకు, తరువాతి కాలంలో గడ్డిఅన్నారానికి వెళ్ళేవి. మార్కెట్టులో వాటికి ఉన్న పేరు ఒకటే: హైదరాబాదు ద్రాక్ష. ఏ ఊరిదని ఎవరూ అడగలేదు. రాజు పేరు ఉన్నది గాని ఊరి పేరు లేదు.

ఆ తరువాత గింజలేని థామ్సన్ వచ్చింది. బోర్లు ఎండాయి. వానలు అదను తప్పాయి. మహారాష్ట్రనుంచి లారీల్లో పండు దిగింది. 1999 తరువాత శామీర్‌పేట వైపు జీనోమ్ వ్యాలీ వచ్చింది. ఆపైన 158 కిలోమీటర్ల అవుటర్ రింగురోడ్డు. ఎకరం ధర ముందు పదేళ్ళ ద్రాక్ష ఆదాయం చిన్నబోయింది. అమ్ముకున్నవారిని తప్పుపట్టే అర్హత నాకు లేదు. పిల్లల చదువులు, ఆడపిల్లల పెళ్ళిళ్ళు, తీరిన అప్పులు, ఇవన్నీ ఆ డబ్బులోనే ఉన్నాయి. ఇప్పటికీ మాఘఫాల్గుణాల్లో శామీర్‌పేట, కీసర వైపు మిగిలిన ఒకటి రెండు తోటల్లో టిక్కెట్టు కొనుక్కుని పిల్లలచేత గుత్తులు కోయించుకునే కుటుంబాలను చూస్తాము. చూసి సంతోషించాలో, జంతుప్రదర్శనశాలలో జింకను చూసినట్టు చూడాలో తెలియదు.

నా మాటలను పాతకాలపు బెంగగా తీసుకోవద్దు. అనాబ్-ఎ-షాహీతో మెదొక్ తయారు కాదు. అది తినే పండు. నీరు ఎక్కువ, వగరు తక్కువ, దాచుకునే గుణం లేదు. మేడ్చల్‌ను బోర్డో చేసి ఉండవలసిందని నేననడం లేదు. పేరు ఉన్నంతమాత్రాన అన్నీ నిలుస్తాయనీ అనడం లేదు. గిరాకీ పడిపోయి, 2023లో బోర్డోలోనే వేల హెక్టార్ల తోటలను పెరికివేయడానికి ఫ్రెంచి ప్రభుత్వం డబ్బు ఇవ్వవలసి వచ్చింది. నేనంటున్నది ఒక్కటే. రుచిని ఊరి పేరుతో కలిపి చెప్పే అలవాటు ఉన్నచోట, ఆ ఊరు పోయేముందు ఎవరో ఒకరు అడ్డం నిలబడి ఇది పోతే ఏమి పోతుందో చెప్పగలుగుతారు. మనకు చెప్పడానికి మాట లేకపోయింది. ఎకరం ధర మాత్రం అంకెల్లో ఉన్నది. అంకెకు మాట సమాధానం చెప్పలేకపోతే అంకే గెలుస్తుంది. 1999 నాటి భౌగోళిక గుర్తింపు చట్టం 2003లో అమలులోకి వచ్చింది. హైదరాబాదు హలీముకు 2010లో, బంగినపల్లి మామిడికి 2017లో, తాండూరు కందికి 2022లో ఆ గుర్తింపు వచ్చింది. మేడ్చల్ పందిళ్ళకు మాత్రం కాలం మించిపోయింది.

చివరిగా, ఈ రాత చదివి నొచ్చుకునేవారు ఉండవచ్చు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారా దుకాణాన్ని మూయించిన రాష్ట్రంలో, మద్యం రుచి గురించి సాహిత్యపు మాటలు చెప్పడం ఏమి పని అని అడగవచ్చు. ఆ ప్రశ్నకు నేను తలవంచుతాను. మద్యంలో ఏ మోతాదూ ఆరోగ్యానికి పూర్తిగా సురక్షితం కాదని 2023 జనవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. తాగనివారు తాగాలని నేననను. పెద్దమ్మగారు చుక్క ముట్టకుండానే మా అందరికంటే బాగా తూచారు. రుచి ఎరగడానికి తాగుడు అవసరం లేదనడానికి ఆమే సాక్షి. ఆ ఉద్యమం కాపాడాలని చూసిన ఇంటిని కూల్చింది రుచి కాదు, రుచిలేని మత్తు. పాతికేళ్ళు ఓపికపట్టి, ఒక్క సీసాను ఐదుగురు పంచుకుని, గుటకకు గుటకకూ మాట వెతుక్కునేవాడు ఆ దారిలో పోవడం అరుదని నా నమ్మకం. అయినా ఇది నమ్మకమే. నా నమ్మకాన్ని ఒక తల్లి అనుభవం ముందు పెట్టి గెలిపించుకోవాలని నాకు లేదు.

చీకటిపడ్డాక సీసా అడుగున మిగిలిన మడ్డిని తమ్ముడు ప్రహరీ పక్క పారబోయబోయాడు. "ఆ కడీ మొదట్ల పొయ్యి" అన్నారు పెద్దమ్మగారు. అక్కడ తీగ లేదు, రాయి ఒక్కటే ఉన్నది. అతడు అక్కడే పోశాడు. నేను ఆమెకు సమాధానం చెప్పనేలేదని అప్పుడు గుర్తుకొచ్చింది. "ఊరు సాంతెస్తెఫ్ అంటారు పెద్దమ్మా" అన్నాను. ఆమె ఆ పేరును రెండుసార్లు నోట్లో తిప్పుకుని చూసి, "తోట ఇంక ఉన్నదా?" అని అడిగారు.

ఉన్నదన్నాను.